ఊరికే ఆగదు: ఏఎస్ రావు గారి కథ

ఈ సంచికకి ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం రాసివ్వమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నా బుర్ర మొత్తం వేరే చోట ఉంది. సమ్మర్ సెలవుల్లో మా ఊరు కొడవలూరులో సొంతంగా ఒక డెస్క్‌టాప్ బిగించుకున్నాను. అది ఆన్ అవుతుంది, బాగానే నడుస్తుంది, ఇరవై నిమిషాలకో అరగంటకో టప్పున ఆగిపోతుంది. ఎర్రర్ మెసేజ్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు. నల్లటి స్క్రీన్‌లో నా మొహం నాకే కనిపిస్తుంది.

ఊరికే వచ్చిన కంప్యూటర్ అయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఏప్రిల్‌లో వడ్లు అమ్మిన డబ్బులో నుంచి నాయన తీసిచ్చింది అది. మా నెల్లూరు లెక్కలో చెప్పాలంటే మూడు పుట్ల వడ్లు. ల్యాప్‌టాప్ కొనుక్కోమంటే వద్దని, విడిభాగాలు తెచ్చి బిగిస్తే అదే డబ్బుకి ఇంకా మంచిది వస్తుందని, ఆ పని నాకు బాగా వచ్చని గొప్పలు చెప్పింది నేనే. సాయంత్రం నాయన కయ్యల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఈ రోజైనా నడిచిందా అని అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

హైదరాబాద్‌లో ఉండే మా పిన్నికి ఫోన్‌లో ఈ గోడు చెప్పుకున్నాను. పెట్టె తీసుకుని వచ్చెయ్యమంది. వాళ్ళుండే ఏఎస్ రావు నగర్ పక్కనే ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్, అక్కడ ఎవరో ఒకరు చూస్తారని ధైర్యం చెప్పింది. ఆ నగర్‌కి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఏఎస్ రావు అంటే ఎవరో లీడర్ అనో, ప్లాట్లు వేసి అమ్మిన పెద్దమనిషి అనో అనుకునేవాణ్ణి. కంప్యూటర్ ఎలాగూ నడవట్లేదు కదా అని, ఆ రాత్రి ఫోన్‌లో ఆయన ఎవరో వెతికాను. వెతికాక హైదరాబాద్ ప్రయాణం మానుకున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి పల్లెటూరు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే. ఇంట్లో డబ్బు లేదు, చదువు మీద ఆసక్తి ఉంది. ఆ చదువు కోసం బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం దాకా వెళ్ళి ఎమ్మెస్సీ చేశారు, అక్కడే కొంతకాలం పనిచేశారు. తర్వాత టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. 1946లో అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశారు.

మన క్లాసులో సగం మందికి స్టాన్‌ఫర్డ్ అంటే ఒక కల. రావు గారికి చదువయ్యాక అక్కడే ఉద్యోగ అవకాశాలు కూడా వచ్చాయి. ఆయన వాటిని వదులుకుని తిరిగొచ్చేశారు. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశం, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ అని చెప్పుకోవడానికి రేడియోలు బిగించడం తప్ప పెద్దగా ఏమీ లేదు. వచ్చి హోమీ భాభా దగ్గర చేరారు.

భాభా నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ 1949 నుంచి బొంబాయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పాత యాచ్ క్లబ్ భవనంలో ఉండేది. అక్కడి మొదటి పరిశోధనల్లో కాస్మిక్ కిరణాలు ముఖ్యమైనవి. అంతరిక్షం నుంచి వచ్చే ఈ కణాలు కంటికి కనపడవు, చేతికి తగలవు. వాటి గురించి ఏం తెలుసుకోవాలన్నా ఒక పరికరం కావాలి. ఒక కణం వచ్చి వెళ్ళినప్పుడు అతి చిన్న కరెంటు దెబ్బ ఒకటి పుడుతుంది. దాన్ని పట్టుకుని, పెద్దది చేసి, లెక్కపెట్టే సర్క్యూట్ కావాలి. ఇలాంటివి బయటి దేశాల నుంచి తెప్పించుకుంటే ఖర్చు ఎక్కువ, విదేశీ మారకం తక్కువ. తెచ్చుకున్నాక చెడిపోతే బాగుచేసేవాడు సముద్రం అవతల ఉంటాడు. మనకి కావాల్సిన పరికరాలు మనమే చేసుకోవాలని భాభా పట్టుబట్టారు. ఆ పని రావు గారి చేతిలో పెట్టారు. ఒక ల్యాబ్ మూలన మొదలైన ఆ పరికరాల తయారీ పెరిగి పెరిగి ట్రాంబే అణు కేంద్రంలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ విభాగం అయింది.

ఇది చదివేటప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. నాలుగు రోజులుగా నేను చేస్తున్నది ఏంటంటే, ఊహించడం. ర్యామ్ అనుకుని ఒక స్టిక్ పీకాను, ఆగిపోయింది. విండోస్ అనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, ఆగిపోయింది. పవర్ సప్లై అనుకుని కోవూరులో ఫ్రెండ్ దగ్గర అరువు తెచ్చి పెట్టాను, అయినా ఆగిపోయింది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది అని ఒక లైన్ ఉంది. అది నాకూ తెలుసు! ఎందుకు ఆగిందో అందులో లేదు. కంటికి కనపడని కణాన్ని లెక్కపెట్టడానికి వాళ్ళు పరికరం చేసుకున్నారు, నేను కళ్ళెదుట జరిగేదాన్ని కాగితం మీద కూడా రాసుకోలేదు.

మర్నాడు పాత నోట్‌బుక్‌లో గీతలు కొట్టాను. ఎన్ని గంటలకి ఆగింది, అప్పుడు ఏం నడుస్తోంది, ఆగే ముందు ఏమైనా తేడా కనిపించిందా, గదిలో ట్యూబ్‌లైట్ మిణుకుమందా, తనంతట తానే మళ్ళీ ఆన్ అయిందా. మూడు రోజుల్లో పదకొండు సార్లు ఆగింది. పదకొండూ ఒకే రకం కాదని అప్పుడు తెలిసింది. రెండుసార్లు ట్యూబ్‌లైట్ మిణుకుమంది, ఫ్యాన్ స్లో అయింది, కంప్యూటర్ ఆగి వెంటనే మళ్ళీ లేచింది. అంటే అది ఇంట్లో కరెంటు గొడవ. మిగతా తొమ్మిదిసార్లు లైటు నిలకడగా ఉంది. ఆగే ముందు రెండు మూడు నిమిషాలు గేమ్ నత్తనడక నడిచింది. ఆగాక కాసేపు వదిలేస్తే గానీ ఎక్కువసేపు నడవలేదు. రెండు జబ్బుల్ని కలిపి ఒకే జబ్బు అనుకున్నాను కాబట్టే నాకు ఏదీ దొరకలేదు.

ఇక రావు గారి జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. 1955లో ట్రాంబేలో ఒక పరిశోధన రియాక్టర్ కట్టాలని నిర్ణయించారు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది, దాదాపు మిగతా అంతా ఇక్కడే చేశారు. దాని కంట్రోల్ సిస్టమ్, అంటే ఆ రియాక్టర్‌కి కళ్ళు, నరాలు లాంటి ఎలక్ట్రానిక్స్ అంతా రావు గారి బృందం తయారుచేసింది. 1956 ఆగస్టు 4న అది పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ని పక్కన పెడితే ఆసియాలో అదే మొదటి రియాక్టర్. లోతైన నీళ్ళ తొట్టిలో నీలంగా వెలిగే ఆ రియాక్టర్‌కి అప్సర అని నెహ్రూ పేరు పెట్టారు.

రియాక్టర్ కంట్రోల్ అంటే ఎలా నడపాలి అన్నదే అనుకున్నాను నేను. అసలు ముఖ్యమైంది ఎలా ఆపాలి అన్నది. ఇలాంటి రియాక్టర్లలో న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో డిటెక్టర్లు ఎప్పుడూ కొలుస్తూనే ఉంటాయి. ఆ లెక్క హద్దు దాటినా, మరీ త్వరగా పెరుగుతున్నా, మనిషి బటన్ నొక్కే దాకా ఆగకుండా యంత్రమే తనని తాను ఆపుకుంటుంది. న్యూట్రాన్లని మింగేసే కడ్డీలని విద్యుదయస్కాంతాలతో పైన పట్టి ఉంచుతారు. కరెంటు తీసేస్తే చాలు, పట్టు వదిలి తమ బరువుకి తామే లోపలికి పడిపోతాయి. ఇందులో తెలివి ఏంటంటే, నడవడానికి కరెంటు కావాలి, ఆగడానికి ఏమీ అక్కర్లేదు. వైరు తెగినా, మీటరు చచ్చినా, కరెంటు పోయినా అది ఆగిపోయే వైపే మొగ్గుతుంది. దీన్నే ట్రిప్ అంటారు.

కానీ ఇంకో చిక్కుంది. ప్రతి చిన్న నాయిస్‌కీ ఆగిపోతుంటే ఆ రియాక్టర్‌తో ఎవరూ పని చేయలేరు. విసుగొచ్చిన మనిషికి ఆ అలారం వైరు పీకెయ్యాలనిపిస్తుంది. ఆగాల్సినప్పుడు తప్పకుండా ఆగాలి, అక్కర్లేనప్పుడు ఆగకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధించడం కంట్రోల్ ఇంజినీర్ పని. అదీ వాక్యూమ్ ట్యూబుల కాలంలో. ట్యూబులు వేడెక్కుతాయి, ముసలివవుతాయి, వాటి లెక్క మెల్లగా జరుగుతుంది. వాటితోనే ఒక రియాక్టర్‌కి కాపలా పెట్టారు.

విసుగొచ్చిన మనిషి అన్నాను కదా, ఆ మనిషిని నేనే. నోట్‌బుక్ చూశాక వేడి మీద అనుమానం వచ్చింది. బయోస్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ విండోస్ లేదు, గేమ్ లేదు, ఏ పనీ లేదు. అయినా ప్రాసెసర్ టెంపరేచర్ నా కళ్ళ ముందే 90 దాటింది. అక్కడితో మూత తెరిచి చూడాల్సింది. కానీ మా బోర్డులో ఎంత వేడికి ఆపెయ్యాలో పెట్టుకునే సెట్టింగ్ ఒకటి కనిపించింది. దాన్ని పైకి జరిపేశాను. బయట మే నెల ఎండ, వడగాలి, ఈ వేడి మామూలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంకో పది నిమిషాలు ఎక్కువ నడిచింది. గెలిచాననుకున్నాను. మళ్ళీ ఆగిపోయింది. తర్వాత తెలిసిందేంటంటే, బోర్డు కాపలాని నేను పక్కకి జరిపినా ప్రాసెసర్ లోపల ఇంకో కాపలా ఉంది. వేడెక్కితే మొదట తన వేగం తగ్గించుకుంటుంది. గేమ్ నత్తనడక అదే. అప్పటికీ తగ్గకపోతే ఆపేస్తుంది. ఆ చివరి హద్దు నా చేతిలో లేదు, అదృష్టం.

ఆ రోజు రాత్రి నాయనకి ఈ విషయం మొత్తం చెప్పాను, సెట్టింగ్ మార్చిన సంగతితో సహా. కంప్యూటర్ గురించి నాయనకి ఏమీ తెలియదు అనుకునేవాణ్ణి. ఆయన బోరు మోటారు సంగతి ఎత్తారు. స్టార్టర్ ట్రిప్ అయితే రెండోసారి నొక్కే ముందు మోటారు మీద చెయ్యి పెట్టి చూడాలంట. మా పక్క చేను ఆయన ఒకసారి నీళ్ళ తొందరలో స్టార్టర్ పడిపోకుండా పుల్ల దోపాడంట. తెల్లారేసరికి వైండింగ్ కాలి కూర్చుంది. రీవైండింగ్‌కి డబ్బులు పోయాయి, ఆ తడి దక్కక పైరూ దెబ్బతింది. నాయన నన్ను తిట్టలేదు. పుల్ల దోపింది నువ్వూ అన్నట్టు చూసి పడుకున్నారు. ట్రాంబేలో పెద్ద పెద్ద సైంటిస్టులు చేసిన పని, కొడవలూరు కయ్యల్లో స్టార్టర్ డబ్బా చేసే పని ఒకటే అని నాకు అప్పుడు అర్థమైంది.

రావు గారి కథలో తర్వాతి మలుపు 1962 చైనా యుద్ధం తర్వాత వచ్చింది. రాడార్లకీ, వైర్‌లెస్ సెట్లకీ బయటివాళ్ళ మీద ఆధారపడితే ఎలా ఉంటుందో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1963లో దేశంలో ఎలక్ట్రానిక్స్ ఎలా పెంచాలో చెప్పమని భాభా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. సభ్యులు విక్రమ్ సారాభాయ్, ఎస్. భగవంతం, ఏఎస్ రావు. అధ్యక్షుడితో కలిపి నలుగురున్న ఆ కమిటీలో ఇద్దరు తెలుగువాళ్ళు! 1966 జనవరి 24న విమాన ప్రమాదంలో భాభా చనిపోయారు. కమిటీ రిపోర్టు ఆ ఏడాదే బయటికి వచ్చింది. పెద్దదిక్కు పోయినా పని ఆగలేదు. ట్రాంబే ఎలక్ట్రానిక్స్ విభాగంలో పుట్టిన పరికరాలని ఫ్యాక్టరీ స్థాయిలో చేయడానికి 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఈసీఐఎల్, మొదలైంది. దాన్ని నిలబెట్టిన మొదటి మేనేజింగ్ డైరెక్టర్ రావు గారు.

సీఎస్ఈ వాళ్ళకి ఇక్కడి నుంచి అసలు కథ. 1969లో ట్రాంబేలో టీడీసీ 12 అనే కంప్యూటర్ తయారైంది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దాన్ని ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది. దేశంలో డిజైన్ చేసి, ఫ్యాక్టరీలో చేసి, అమ్మకానికి పెట్టిన మొదటి కంప్యూటర్ల వరస ఇదే. పేరులో 12 అంటే 12 బిట్లు. మెమరీ ఎక్కువలో ఎక్కువ 4096 వర్డ్స్. లెక్క కట్టి చూశాను, 6 కిలోబైట్లు. ఈ వ్యాసం ఫైల్ అందులో పట్టదు. నా కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, అయినా అరగంట నడవట్లేదు. పైగా వాళ్ళది కోర్ మెమరీ, చిన్న చిన్న అయస్కాంత రింగుల మీద అల్లింది. కరెంటు పోయినా అందులో ఉన్నది చెరిగిపోదు. తర్వాత 1974లో టీడీసీ 312, 1975లో 16 బిట్ల టీడీసీ 316 వచ్చాయి.

విమర్శలు కూడా రాయాలి. అమెరికాలో పీడీపీ 8 అనే 12 బిట్ల కంప్యూటర్ 1965లోనే మార్కెట్‌లోకి వచ్చేసింది. మనది నాలుగేళ్ళు వెనక. సాఫ్ట్‌వేర్ తక్కువని, బయట ఇంకా మంచివి దొరుకుతుంటే ఇవెందుకని ఆ రోజుల్లో అన్నవాళ్ళు ఉన్నారు. ల్యాప్‌టాప్ కొనుక్కుంటే పోయేదిగా అని మా ఇంట్లో అన్నట్టే. వాళ్ళ మాటలో నిజం ఉంది. కానీ అప్పట్లో దేశంలో ఉన్న విదేశీ కంప్యూటర్లు చాలావరకు అద్దెవి. యంత్రం కంపెనీది, మూత తెరిచేది కంపెనీ మనిషి. 1978లో ఐబీఎం ఇండియా నుంచి వెళ్ళిపోయినప్పుడు, మూత తెరిచి లోపల ఏముందో తెలిసిన ఇంజినీర్లు ఇక్కడ ఉండటం ఎంత అవసరమో చూడండి. ఈసీఐఎల్ లాంటి చోట్ల తయారైంది ఒక్క కంప్యూటర్లే కాదు, వాటిని బాగుచేయగల మనుషులు కూడా.

ఇది చదివాకే నేను పిన్నికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. నేను బిగించిన దాన్ని నేనే విప్పాలనిపించింది. ముందు సెట్టింగ్ ఉన్నచోటికి తెచ్చాను. మూత తీసి, ప్రాసెసర్ మీది కూలర్‌ని మెల్లగా కదిపి చూశాను. ఒక మూల ఊగింది. ఆ కూలర్‌కి నాలుగు మూలల నాలుగు పిన్నులు, నొక్కితే టక్‌మని బోర్డులోకి దిగాలి. మూడు దిగాయి. నాలుగోది పైన కూర్చుంది, చూస్తే దిగినట్టే ఉంది. కూలర్ తీసి చూస్తే పేస్ట్ ఒక పక్కే అంటుకుని ఉంది, రెండో పక్క పెట్టింది పెట్టినట్టే ఉంది. సగం ప్రాసెసర్ మీద అసలు చల్లదనమే లేదు. తప్పు షాపుది కాదు, కంపెనీది కాదు. బిగించిన రోజు బోర్డుని తిప్పి వెనక వైపు చూసుకోని నాది.

తుడిచి, కొత్త పేస్ట్ పెట్టి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు పిన్నులూ బయటికి వచ్చాయో లేదో వేలితో తడిమి చూసుకున్నాను. బయోస్‌లో టెంపరేచర్ 42 దగ్గర ఆగింది. ఆ మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు గేమ్ నడిపాను, ఆగలేదు. మిగిలిన రెండో జబ్బుకి ఒక చిన్న యూపీఎస్ కొనాలి, దానికి ట్యూషన్లు చెప్పి డబ్బులు దాస్తున్నాను. నాయనని అడగదల్చుకోలేదు.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. శాంతి స్వరూప్ భట్నాగర్ అవార్డు కూడా అందుకున్నారు. 2003 అక్టోబర్ 31న చనిపోయారు. అప్పటికి నేను పుట్టలేదు. ఆయన కాపలా పెట్టిన అప్సరని యాభై ఏళ్ళు దాటాక 2009లో ఆపేశారు. 2018లో అదే చోట కొత్త అప్సర మొదలైంది. ఓటేసేటప్పుడు మనం నొక్కే ఈవీఎంలు చేసే రెండు సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. ఆయన పేరు మాత్రం ఎక్కువగా సిటీ బస్సు బోర్డుల మీద, ప్లాట్ల ప్రకటనల్లో కనిపిస్తుంది. రోజూ చదువుతాం, ఎవరో అడగం.

నాకు ఇంతకుముందు ఆగిపోయిన మెషీన్ అంటే చెడిపోయిన మెషీన్. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. చాలాసార్లు అది చెడిపోకుండా తనని తాను కాపాడుకోవడానికే ఆగుతుంది, కారణం వెతుక్కోవడం మన వంతు. మీ హాస్టల్ రూమ్‌లో ఎవరి సిస్టమ్ అయినా ఇలా ఆగుతుంటే హద్దులు జరపకండి, ముందు ఒక నోట్‌బుక్ తీయండి. ఈసారి ఈసీఐఎల్ బస్సెక్కినప్పుడు, మోగల్లు నుంచి వచ్చిన ఆ పెద్దాయన్ని ఒక్కసారి తలుచుకోండి.

ఈ వ్యాసం టైప్ చేసింది ఆ కంప్యూటర్ మీదే. మొదలుపెట్టి మూడు గంటలైంది. ఇప్పటిదాకా ఆగలేదు.